యోనా గిన్నె, వదిన ప్రార్థన

వదిన పోయిందని కబురు వచ్చినప్పుడు నేను కుక్కకు గంజి ఆరబెడుతున్నాను. మా సందు మొదట్లో ఎస్టీడీ ఫోన్ల అంగడి పెట్టుకున్నాయన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఆత్మకూరు నుంచి అమ్మాయి ఫోను చేసిందని మాత్రం అన్నాడు. తక్కినది చెప్పలేక తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నేను తలూపాను. గిన్నె కింద పెట్టి, మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. ఏం చేయాలో తోచలేదు. కుక్క మాత్రం ఆకలి మీద ఉంది.

మన సంఘంలో ఆమెను ఎరగనివారు లేరు. సమాధి దగ్గర పాస్టరుగారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నిలబడ్డాను గాని నోరు పెగల్లేదు. మీరందరూ చూశారు. ఆ నాలుగు మాటలు మన పత్రికకైనా రాసివ్వమని ఆయన అడిగారు. నేను చదివింది ఊళ్ళో బడి వరకే. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఆమె మా అన్న భార్య. ఉదయగిరిలో మా రెండిళ్ళకూ వాకిలి ఒకటే. అన్నా నేనూ కొయ్య చెంచాలు చెక్కేవాళ్ళం. ఆమె వాటిని ఉప్పుకాయితంతో రుద్ది నునుపు చేసేది. ముందు నా భార్య పోయింది, తర్వాత అన్న పోయాడు. అన్న కూతురు పెళ్ళయి ఆత్మకూరు వెళ్ళింది. ఒక వాకిట్లో ఇద్దరం మిగిలాం. నేను చెక్కుతూ ఉంటే ఆమె రుద్దుతూ మాట్లాడేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మా ఇద్దరి మధ్య మాటలన్నీ ఆమెవే. ఎప్పుడైనా నేను ఒక మాటంటే చేతిలో పని ఆపి, "ఏందబ్బయ్యా, జరమొచ్చిందా?" అనేది.

యోనా తొంభైలో కార్తీక మాసం వానలకు వచ్చాడు. కొండ మీద నుంచి నీళ్ళు దిగి వాగు పొంగింది. వదిన కట్టెలు కొట్టుకొస్తాయేమోనని చూడబోయి, కంపలో చిక్కుకున్న కుక్కపిల్లను కొంగులో వేసుకొచ్చింది. కళ్ళు అప్పుడే తెరిచిన పిల్ల. పొట్ట కుండలా ఉబ్బి ఉంది. నేను చెక్కిన పొట్టు పోగేసి దాని మీద గోనె పరిచింది. పిల్ల ఆ వెచ్చదనంలో పడుకుంది.

నీళ్ళలో నుంచి బయటపడ్డాడు కాబట్టి యోనా అని పేరు పెట్టింది. అప్పట్లో ఉన్న పెద్ద పాస్టరుగారికి అది నచ్చలేదు. ప్రవక్త పేరు కుక్కకు పెట్టడమేమిటని ఆదివారం ఆరాధన అయ్యాక అడిగారు. వదిన చెప్పులు వేసుకుంటూ, "ఆ యోనా చెప్పిన మాట వినకనే గదయ్యా చేప కడుపులో పడింది. మా వాడు మాట వింటాడు" అన్నది. పాస్టరుగారు నవ్వారు. ఆ తర్వాత ఆయనే మా వాకిట్లోకి వచ్చినప్పుడల్లా, "యోనాగారు క్షేమమేనా" అని అడిగేవారు.

పొట్ట ఉబ్బితే తిండి ఎక్కువైందని నేననుకున్నాను. ఆమె పిల్లను ఎత్తుకుని పశువుల ఆస్పత్రికి పోయింది. నులిపురుగులని డాక్టరుగారు మందిచ్చారు. టీకా కూడా వేయించాలని చెప్పారట. ఉదయగిరిలో అప్పుడు ఆ మందు లేదు. రేపు మాపు అనుకుంటూ ఉండగానే వీధిలో కుక్కపిల్లలకు వాంతులు, నెత్తురు విరేచనాలు మొదలయ్యాయి. ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. మా వాడూ పడ్డాడు.

డాక్టరుగారు సూదులు వేశారు. మెడ మీద చర్మం కింద సెలైను ఎక్కించారు. బతుకుతాడని చెప్పలేనమ్మా, నీళ్ళు లోపల నిలిస్తే చూద్దాం అన్నారు. వదిన ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు కాచి చల్లార్చింది. ఇంట్లో చెంచాలు వాడి చిన్న నోటికి పట్టవు. నేను నర్ది చెక్కలో సన్నటి చెంచా ఒకటి చెక్కాను. చివర పక్షి ముక్కులా వంపు పెట్టాను. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది అమ్మేదానికి గాదు" అని కొంగున చెక్కుకుంది. ఆ చెంచాతోనే పంచలో కూర్చుని చుక్క చుక్కగా పోసింది. కక్కితే తుడిచేది. కాసేపు ఆగి మళ్ళీ పోసేది. నేను ఆ పూటంతా పని చేస్తున్నట్టు ఉలి పట్టుకుని కూర్చున్నాను. ఒక్క చెంచా కూడా తయారు కాలేదు.

వాడు లేచాడు. లేచాక కొత్త కష్టం వచ్చింది. ఆకలికి ఆగలేక గిన్నెలో తలపెట్టి గబగబా మింగేవాడు, అంతా కక్కేవాడు. కొంచెం కొంచెంగా, నెమ్మదిగా తినిపించాలని డాక్టరుగారు చెప్పారు. కుక్కకు నెమ్మది నేర్పడం ఎట్లా? ఆమెకు తెలిసిన పద్ధతి ఒకటే. మన ఇళ్ళలో పిల్లలకు నేర్పేదే. గిన్నె ముందు పెట్టి, వాడి మెడ మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేది. ఆమెన్ అన్నాకనే చెయ్యి తీసేది. కొంచెం తిన్నాక గిన్నె తీసి మళ్ళీ పెట్టేది, మళ్ళీ ప్రార్థన. "ఆకలి తొందరపెట్టిద్ది, ప్రార్థన ఆపిద్ది" అనేది. కొన్నాళ్ళకు చెయ్యి వేయకపోయినా వాడు ఆగడం నేర్చుకున్నాడు. ఆమెన్ వినపడేదాకా గిన్నె వైపు చూస్తూ, చొంగ కారుస్తూ, కదలకుండా కూర్చునేవాడు. ఆమె ప్రార్థన చిన్నది.

"అయ్యా, ఈ గంజి ఇచ్చినందుకు వందనాలు. తినే నోరు నీది, పెట్టే చెయ్యి నీది. ఆమెన్."

ఇంత చిన్న ప్రార్థన ఏమిటని ఎవరో అంటే, పొడుగు ప్రార్థనకు గంజి చల్లారి పోతుందని చెప్పింది. ఆ మాట పాస్టరుగారి ముందే అన్నది.

ఆ జబ్బు తర్వాత టీకా ఒక్క ఏడు కూడా తప్పించలేదు. పాస్టరమ్మగారి టీ ఫ్లాస్కు అడిగి తీసుకుని, దాంట్లో ఐసు ముక్కలు వేసుకుని, ఆత్మకూరు బస్సెక్కేది. మందు కొని ఫ్లాస్కులో పెట్టుకుని సాయంత్రం బస్సుకు దిగేది. ఫ్లాస్కు తిరిగి ఇచ్చేటప్పుడు బూడిద పెట్టి తోమి ఇచ్చేది. అయినా పాస్టరమ్మగారు దాంట్లో మళ్ళీ టీ పోసినట్టు నేను చూడలేదు.

ఒకసారి వాడికి చెవుల్లో గోమార్లు పట్టి నెత్తురు తాగేశాయి. చిగుళ్ళు సున్నంలా తెల్లబడ్డాయి. మా డాక్టరుగారు సెలవులో ఉన్నారు. ఆత్మకూరు తీసుకుపోవాలి. బస్సులో కుక్కను ఎక్కించరు. వదిన వాడిని దుప్పట్లో చుట్టి బిడ్డను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుంది. నేను పక్కన తల వంచుకుని కూర్చున్నాను. కండక్టరు దగ్గరకు వచ్చేసరికి దుప్పట్లో నుంచి తోక జారి వేలాడింది. ఆయన తోకను చూశాడు, నన్ను చూశాడు. "ఏం పెద్దాయనా, మనవడు నీ పోలికా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. వదిన తోకను లోపలికి దోపుకుంటూ, "జరంతో ఉన్న బిడ్డ నాయనా, దిష్టి పెట్టబాక" అన్నది. ఆయన మా ఇద్దరికే టికెట్లు కొట్టాడు. ఆత్మకూరులో మమ్మల్ని ఆస్పత్రి మలుపులోనే దింపి పోయాడు.

అప్పటి నుంచి రోజూ ఎండపొడలో కూర్చుని వాడి చెవులు, వేళ్ళ సందులు వెతికేది. దొరికిన గోమార్లను కిరసనాయిలు డబ్బాలో వేసేది. చిగుళ్ళు ఎత్తి రంగు చూసేది. చెవి లోపల వేలి వెనక వైపు ఆనించి వేడి చూసేది. "అడగలేని ప్రాణికి మనమే నోరు" అనేది. నాకు దగ్గు వస్తే కూడా అట్లాగే, నేను చెప్పకముందే మిరియాల కషాయం వచ్చేది. ఆమె దృష్టిలో వాడూ నేనూ ఒక జాతి. ఇద్దరం నోరులేనివాళ్ళమే.

వయసు వాడికి తొందరగా వచ్చింది. ముందు చెవులు చీము పట్టాయి. వెల్లుల్లి వేసి కాచిన నూనె పొయ్యమని ఇరుగుపొరుగు చెప్పారు. చెవిలో నూనె పోస్తే తిరగమోత అవుతుంది గాని వైద్యం కాదని ఆమె డాక్టరుగారి చుక్కలే వేసింది. చీము తగ్గింది, చెవుడు మిగిలింది. తర్వాత కళ్ళలో పొర కమ్మింది. వెనక కాళ్ళు పట్టు తప్పాయి. ఉప్పు లేకుండా గంజి మెత్తగా వండేది. ఇసక వేయించి గుడ్డలో మూటగట్టి నడుముకు కాపడం పెట్టేది. పొట్ట కింద పాత తువ్వాలు వేసి రెండు కొసలూ పైకి పట్టుకుని వాడిని వాకిట్లో తిప్పేది. ఆమె మోకాళ్ళూ మంచివి కావు. ఇద్దరూ ఒకే నడక నడిచేవాళ్ళు.

వాడు తినేటప్పుడు గిన్నెను ముక్కుతో తోసుకుంటూ ముందుకు పోయేవాడు. కళ్ళు కనపడవు కదా, గిన్నె ఎక్కడికి పోతే అక్కడికి పోయేవాడు. ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చుని పాదం అడ్డం పెట్టేది. గిన్నె ఆమె బొటనవేలికి తగిలి ఆగేది. వాడు చివరి చుక్క దాకా నాకేవాడు. తినబోయే ముందు ఆమె ముందుకు వంగి వాడి నెత్తిన గడ్డం ఆనించడం కూడా రోజూ చూసేవాడిని. ముద్దు చేస్తోంది అనుకున్నాను.

ఈ ఏడు ఎండాకాలం ఆమెకు పొట్టలో నొప్పి మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. వాడి చిగుళ్ళు చూసిన మనిషి తన కళ్ళు పచ్చబడటం చూసుకోలేదు. కూతురు వచ్చి ఆత్మకూరు తీసుకుపోయింది. ఆటో ఎక్కేటప్పుడు, "వాడు జాగర్త అబ్బయ్యా" అన్నది. అంతకు మించి చెప్పడానికి నొప్పి వీలివ్వలేదు.

ఆమె వెళ్ళిన నాటి నుంచి యోనా గిన్నె ముట్టలేదు.

ఆమె వండినట్టే వండాను. ముందు పెట్టాను. వాసన చూస్తాడు, కూర్చుంటాడు, గిన్నె వైపు మొహం పెట్టి ఉండిపోతాడు. గుడ్డు కలిపాను. మాంసం పులుసు పోశాను. వేలితో పళ్ళ మధ్య పెడితే నాలుకతో బయటికి తోశాడు. ఆ ముక్కు చెంచాతో నీళ్ళు పోస్తే అవి మాత్రం మింగాడు. డాక్టరుగారిని పిలుచుకొచ్చాను. జ్వరం లేదు, నోట్లో పుండు లేదు, బెంగ పెట్టుకున్నాడని చెప్పి సూది వేసి వెళ్ళారు. వాడి పక్కటెముకలు పైకి తేలాయి. తువ్వాలు వేసి లేపితే బరువే తెలియలేదు. వీడు పోతే నేను వదినకు ఏ మొహం చూపించాలి? రోగంతో ఉన్న మనిషికి ఈ మాట చెప్పకూడదనుకున్నాను. చెప్పకపోతే వాడు దక్కడు. చివరికి ఆత్మకూరు బస్సెక్కాను.

ఆమె మంచం మీద చిన్న పిల్లలా ఉంది. నేను పక్కన కూర్చున్నాను. ఆమే నా మొహం చూసి, "తినట్లేదా?" అన్నది. తలూపాను.

"ప్రార్థన చేసినావా?"

చేయలేదని చెప్పాను. చెవుడొచ్చిన కుక్కకు ప్రార్థన ఏం వినపడుతుందనుకున్నాను, అదీ చెప్పాను.

"చెవికి గదా చెవుడు, ఎముక్కి చెవుడా అబ్బయ్యా?" అన్నది. "గడ్డం వాడి నెత్తిన ఆనించి చెప్పాల. మాట లోపలికి దిగిద్ది. ఆమెన్ అని గడ్డం ఎత్తినాకనే తింటాడు వాడు."

నేను కిందికి చూశాను. నా సంగతి ఆమెకు తెలుసు. గుడిలో నన్ను ప్రార్థన చేయమంటారేమోనని వెనక బల్ల మీద కూర్చునే మనిషిని నేను. ఆమె పెదవులు కొంచెం నవ్వాయి.

"పైకి చెప్పాల. నీ మనసులో మాటలు దేవుడికి అలవాటే. వాడికి గాదు."

ఆ సాయంత్రం బస్సు దిగి, గంజి కాచి, వాకిలి తలుపు దగ్గరకు వేసుకున్నాను. మోకాళ్ళ మీద కూర్చుని వాడి నెత్తిన గడ్డం పెట్టాను. వాడు వణుకుతున్నాడు. అయ్యా అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆమె చెప్పే మాటలే ఎట్లాగో చివరి దాకా చెప్పాను. ఆమెన్ అని గడ్డం ఎత్తాను. ముందు ఒక్కసారి నాకాడు. ఆగాడు. తర్వాత గిన్నెలో తల పెట్టాడు. నేను అక్కడే గోడకానుకుని ఏడ్చాను.

మర్నాడు అమ్మాయికి ఫోను చేసి, తిన్నాడని అమ్మకు చెప్పమన్నాను. చెప్పిందట. నాకు తెలిసిందిలే అని ఆమె కళ్ళు మూసుకుందట. ఆ తర్వాత ఆమె ఎక్కువ కాలం లేదు.

ఆమెను ఇక్కడికే తెచ్చి మా అన్న పక్కన పడుకోబెట్టాం. సమాధి దగ్గర నాకు మాట రాని సంగతి ముందే చెప్పాను. వచ్చినవాళ్ళు వెళ్ళాక, దీపాలు పెట్టే వేళకు ఇంటికి చేరాను. యోనా పొద్దుట నుంచి ఏమీ తినలేదు. గంజి కాచాను. వాడి నెత్తిన గడ్డం ఆనించాను.

అయ్యా అన్నాక, ఆ చిన్న ప్రార్థన గుర్తుకు రాలేదు. వేరే మాటలు వచ్చాయి. వాగులో నుంచి తెచ్చింది చెప్పాను. చుక్క చుక్కగా పోసింది, దుప్పటిలో చుట్టి బస్సెక్కింది, నాకు అడక్కుండా కషాయం పెట్టింది, అన్నీ చెప్పాను. ఇన్నేళ్ళలో ఆమెతో ఒక్కనాడూ పైకి అనని వందనాలు చెప్పాను. సమాధి దగ్గర మీ అందరి ముందు చెప్పాల్సిన మాటలు అవే. గంజి మీద పొర కట్టింది. వాడు ఆకలితో ఉండి కూడా కదల్లేదు. ఆమెన్ అంటే అయిపోతుందని నేను అనలేకపోయాను.

పొడుగు ప్రార్థనకు గంజి చల్లారుతుందన్న ఆమె మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆమెన్ అన్నాను. గడ్డం ఎత్తాను.

వాడు తిన్నాడు. గిన్నెను ముక్కుతో తోసుకుంటూ ముందుకు పోయాడు. పీట దగ్గర ఆగాల్సిన గిన్నె ఆగలేదు. గచ్చు మీద గీసుకుంటూ గడప దాకా పోయింది. నేను లేచి వెళ్ళి, పాదం అడ్డం పెట్టాను.

గిన్నె వచ్చి నా బొటనవేలికి తగిలింది.