ముందు చక్రం ఒక్కటే

ట్యూబులోంచి బయటపడే గాలికి ఒక వాసన ఉంటుంది. ఎండలో మగ్గిన రబ్బరు వాసన. భిలాయ్ సెక్టర్ 2 దగ్గర పెట్రోలు బంకులో ఇప్పుడు గాలి కొట్టే మిషను పెట్టారు. అంకె నొక్కి గొట్టం తగిలిస్తే ఎంత కావాలో అంత అదే ఎక్కించి, చాలనుకోగానే కీచుమంటుంది. మొన్న మిట్టమధ్యాహ్నం ఒక ఆటో కుర్రాడు హడావిడిగా వచ్చి బండి ఆపి, టైరు కాలిపోతోందని పిన్ను నొక్కి గాలి వదిలేస్తున్నాడు. ఆ వాసన ముక్కుకి తగిలింది. నా నోట్లోంచి పైడమ్మప్ప మాట దానంతటదే వచ్చేసింది: "వేడెక్కిన టైరులో గాలి తీస్తే, సల్లారేక దాని పొట్ట జారిపోద్దిరా." కుర్రాడికి తెలుగు అంతంతమాత్రం. "క్యా బాబా?" అన్నాడు. హిందీలో మళ్ళీ చెప్పాను. విన్నాడో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను.

పైడమ్మప్పది విజయనగరం వైపు. భర్త ఇక్కడి ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో కూలిపనికి వచ్చి, తరవాత క్యాంప్ 1 బస్తీలో టైర్ల కొట్టు పెట్టాడు. అతను పోయాక అందరూ ఆవిడ ఊరెళ్ళిపోతుందనుకున్నారు. ఆవిడ వెళ్ళలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, టైరు విప్పే ఇనపకడ్డీలు చేత పట్టి కూర్చుంది. మా తెలుగువాళ్ళకి అప్ప, హిందీవాళ్ళకి దీదీ. మొదట్లో నవ్వినవాళ్ళే తరవాత వరసకట్టి నిలబడ్డారు. ఎందుకంటే ఆవిడ అతుకేసిన ట్యూబు మళ్ళీ అక్కడే పోయిందని ఎవరూ తిరిగి రాలేదు.

నా పేరు సన్యాసి. ప్లాంటులో కాంట్రాక్టు పని పోయాక, తొంభైల మొదట్లో, పాత ఆటో ఒకటి తీసుకున్నాను. అప్పటికి నాకు ముప్ఫయ్యారేళ్ళు, అక్షరం ముక్క రాదు. నోరు మాత్రం పెద్దది. మొదటిరోజు ఆవిడ కొట్టు ముందు బండి ఆపి, తోటి డ్రైవర్లు చేసినట్టే టైరుని కాలితో ఒక్క తన్ను తన్ని, "గాలి బాగానే ఉంది" అన్నాను. ఆవిడ తల ఎత్తలేదు.

"తన్నితే టైరు ఏటి సెప్పుద్దిరా? నొప్పెట్టిందని సెప్పుద్దా?"

స్టాండులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అయినా మర్నాడు పొద్దున్నే వెళ్ళాను, చల్లటి టైరుకే గాలి చూడాలని చెప్పింది కనక. గేజీ పెట్టి చూపించింది. తరవాత నా చెయ్యి పట్టుకుని టైరు మీద తిప్పించింది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువతో తిప్పావని, నడుమ అరిగితే ఎక్కువ కొట్టించావని, ఒక్క పక్కే అరిగితే చక్రం వంకరగా నిలబడిందని చెప్పింది. "మనుసులు అబద్దం ఆడతారు, ఇది ఆడదు. నువ్వు ఎలా నడిపేవో దీనికి తెలుసు" అంది. నా టైర్ల అంచులు రెండూ తినేసి ఉన్నాయి. భిలాయ్ ఎండలో మధ్యాహ్నం గాలి వదిలేసి, పొద్దున్న చూసుకోని వాళ్ళలో నేనొకణ్ణి.

నాకు చదువు రాదని ఆవిడకి ఎలా తెలిసిందంటే, గోడకి వేలాడుతున్న టైర్లలో నా బండి సైజుది తీయమంటే అంకెలు చదవలేక స్కూటరు టైరు తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని మళ్ళీ గోడకి తగిలించింది. సాయంత్రం బేరాలు లేని వేళ రమ్మంది. పంక్చరు చోట గుర్తు పెట్టే సుద్దముక్కతో పాత టైరు మీద అ, ఆ రాసింది. ఆవిడ చదివిందీ నాలుగో తరగతే. నల్ల రబ్బరు మీద తెల్ల అక్షరం ఎంత చక్కగా కనిపిస్తుందో చెప్పలేను. తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచేసి, "మళ్ళీ" అనేది. అంతే. మెచ్చుకోవడం ఆవిడకి చేతకాదు.

ఇక అసలు సంగతి. ఆ ఏడు సెక్టర్ 2 నుంచి ఆరుగురు పిల్లల్ని బడికి తీసుకెళ్ళే పని నాకు కుదిరింది. నెలనెలా తప్పకుండా వచ్చే పని, నా ఇల్లు దాని మీదే నిలబడాలి. బళ్ళు తెరిచే ముందు నా బండి ముందు చక్రం టైరు పోయింది. కొనగలిగింది ఒకటే కొత్తది. స్టాండులో అందరి పద్ధతీ ఒకటే: బరువంతా వెనకే కాబట్టి కొత్తది వెనక వెయ్యాలి, వెనక అరిగినది ముందుకి మార్చాలి. అప్పకి అదే చెప్పాను.

"నాను వెయ్యను" అంది.

"అందరూ ఏస్తున్నారు కదప్పా. ముందేటి బరువుంది?"

"ఎనకాల ఒకటి పేలితే పక్కది పట్టుకుంటాది. ముందు సక్రం ఒక్కటే కదురా. అది పేలితే ఎవడు పట్టుకుంటాడు, నువ్వా?"

"నా బండి, నా ఇష్టం" అన్నాను. పవర్ హౌస్ బజారు వైపు ఇంకో కొట్టుకెళ్ళి వేయించుకున్నాను. సాయంత్రం ఆవిడ కొట్టు ముందునించే, కావాలనే, హారన్ కొట్టుకుంటూ పోయాను.

బడి తెరిచిన రోజు పొద్దున్న ఆరుగురినీ ఎక్కించుకుని సెక్టర్ 2 మలుపు తిరిగేసరికి రోడ్డు మధ్యలో ఆవిడ. మంచి బేరాల వేళ కొట్టు మూసి వచ్చింది. బ్రేకు వేశాను. ఆవిడ వంగి ముందు టైరు చేత్తో తడిమి, "దిగండమ్మా" అంది పిల్లలతో.

"ఏటప్పా ఇది, బడికి టైమైపోతంది."

"నడుసుకెల్దాం. నువ్వూ దిగు."

స్టెప్నీ, అంటే వెంట ఉంచుకునే టైరు, దానికన్నా అరిగింది. బండి పక్కకి తోసి పెట్టాను. పిల్లల సంచులు మూడు ఆవిడ భుజాన, మూడు నా భుజాన. నేను తల దించుకుని నడుస్తున్నాను. పిల్లలకి మాత్రం సంబరంగా ఉంది. ఒకమ్మాయి నాన్న, ప్లాంటులో ఆఫీసరు, స్కూటరు మీద డ్యూటీకి వెళ్తూ మమ్మల్ని చూసి ఆపాడు.

"ఏమయింది సన్యాసీ? పంక్చరా?"

ఎంత తేలికైన మాటో చూడండి. అవునంటే అయిపోతుంది. ఎవరికైనా పంక్చరవుతుంది. అప్ప నా వంక చూడలేదు, సంచీ పట్టీ సర్దుకుంటోంది. నా నోరు తెరుచుకుంది కూడా.

"కాదు సార్" అన్నాను. "అరిగిన టైరు ముందుకేశాను. వద్దని చెప్పినా వినలేదు. మా అప్ప రోడ్డు మీద ఆపి దింపేసింది."

ఆయన స్కూటరుకి స్టాండు వేశాడు. "ఆవిడకి తెలిసింది మీకు తెలియలేదా?"

"తెలుసు సార్. తెలిసే వేశాను."

"రేపు?"

"కొత్తది ముందుకి మార్చి తెస్తాను."

"ఆవిడ సరే అన్నాకే తీసుకురండి" అని స్కూటరు కదిలించాడు.

బడి దగ్గర పిల్లల్ని వదిలి వెనక్కి వస్తుంటే అప్ప పోహా, అదే అటుకుల ఉప్మా, అమ్మే బండి దగ్గర ఆగి రెండు పొట్లాలు చెప్పింది. నిలబడే తిన్నాం. తరవాత మలుపు దగ్గర పెట్టిన ఆటోని మెల్లిగా కొట్టు దాకా తోసుకెళ్ళాం. ఆవిడ ముందు టైరు విప్పి, కడ్డీతో తిరగేసి, లోపలి వైపు నా ముందు పెట్టింది. అరచేతి మేర రబ్బరు లోపలి నూలు తెగిపోయి ఉంది. ఆ చోట ట్యూబు మీద బుడగలా పొంగిన మచ్చ ఉంది. పిల్లలతో ఇంకో మైలు పోయేవాణ్ణేమో, ఇంకో వీధి పోయేవాణ్ణేమో. అక్కడే టైర్ల మీద కూర్చుని ఆ తెగిన చోటు వేలితో తడిమాను. ఆవిడ తిడుతుందని చూశాను. తిట్టలేదు. కొత్త టైరు ముందుకి బిగిస్తూ, నావైపు చూడకుండా అంది:

"ఆ సారుతో పంక్చరని సెప్తావేమో అనుకున్నాను."

"సెప్తే?"

"రేపటి నించి నువ్వెవరో నాకు తెలీదు."

ఆరుగురిలో ఇద్దరి తల్లిదండ్రులు వాళ్ళని నా బండి మాన్పించేశారు. వాళ్ళ తప్పేం లేదు. ఆ ఆఫీసరుగారమ్మాయి మాత్రం పదో తరగతి దాకా నా బండిలోనే వెళ్ళింది. స్టాండులో నన్ను చాన్నాళ్ళు ఏడిపించారు, "అప్పకి చెప్పొచ్చావా?" అని. ఏడిపిస్తూనే ఒక్కొక్కడూ కొత్త టైరు ముందుకి వేయించుకోవడం మొదలుపెట్టాడు. అది ఎవరూ ఒప్పుకోరు. నేను కళ్ళారా చూశాను.

పైడమ్మప్ప పోయి చాలా ఏళ్ళయింది. నేను బండి దిగేనాటికి ఎంతమంది పిల్లలు నా వెనక సీటులో కూర్చుని పెద్దవాళ్ళయ్యారో లెక్క పెట్టలేదు. ఒక్కరికీ నా వల్ల మోకాలు కూడా గీసుకోలేదు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. నేను గొప్ప డ్రైవర్ని కాను. బండి తాళం తీసే ముందు ప్రతి పొద్దునా నాకు భయం వేసేది. ఆ భయం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒక మనిషి కొట్టు మూసుకుని, రోడ్డుకి అడ్డం నిలబడి, నాకిచ్చింది.