వ్యాన్‌కు పురుడు పోసిన అత్తగారు

విప్పగలిగినదేదైనా మళ్లీ కుట్టవచ్చని దర్జీ నమ్మకం. ఆ ధైర్యంతోనే ఓ ఆదివారం పొద్దున్న ఇంటి ముందు తన పాత వ్యాన్ బానెట్ ఎత్తి, లోపలికి సగం దూరాడు.

వ్యాన్‌కు రెండు జబ్బులు. ఇంజిన్ పైభాగంలో అతుకు దగ్గర వేసే పలచటి పొర, ఇన్‌టేక్ గాస్కెట్, చిరిగి నీళ్లు కారుతున్నాయి. పైగా లోపలి నుంచి ఒకటే టకటక. వాల్వులను తోసే బొటనవేలంత ఇనుప ముక్కలు, లిఫ్టర్లంటారు, అవి అరిగాయని మెకానిక్ తేల్చాడు. గాస్కెట్ కోసం పైభాగం ఎలాగూ ఊడదీయాలి కనుక, పనిలో పనిగా వాటినీ తనే మార్చేయాలని దర్జీ ఆలోచన.

ఆ రోజే అత్తగారిని ఆవిడ ఇంట్లో దింపి రావాలి. ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పురుళ్లు పోసి రిటైరైన నర్సు ఆవిడ. వాకిట్లో కుర్చీ వేయించుకొని, చేతిసంచి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.

"మధ్యాహ్నానికి అయిపోతుందా అల్లుడుగారూ?"

"భోంచేసి బయల్దేరిపోదాం అత్తయ్యగారూ."

ఏ రోజు భోజనమో చెప్పలేదు.

పాత లిఫ్టర్లను వరస తప్పకుండా పేర్చడానికి గుడ్ల అట్ట కావాలన్నాడు. దర్జీ భార్య గుడ్లన్నీ గిన్నెలోకి మార్చి అట్ట ఇచ్చింది. కొత్తవాటిని నూనెలో నానబెట్టడానికి పాల గిన్నె కూడా పోయిందని ఆమెకు పాలు వచ్చాక తెలిసింది.

కొట్లో కిందపడ్డ సూదులు ఏరుకునే అయస్కాంతాన్ని తీగకు కట్టి, లిఫ్టర్లను ఒక్కొక్కటే పైకి లాగాడు దర్జీ. చివరిది మాత్రం జిడ్డు పట్టి భీష్మించుకు కూర్చుంది. పట్టకారుతో లాగాడు, బతిమాలాడు, తిట్టాడు. ఆ తిట్లలో అత్తగారు వినకూడనివి కూడా ఉన్నాయి.

"జరుగు," అంది ఆవిడ వెనక నుంచి.

పెళ్లయిన ఇన్నేళ్లలో అల్లుణ్ణి 'మీరు' తప్ప అనని మనిషి. దర్జీ గబుక్కున జరిగాడు.

ఆవిడ మోచేతుల దాకా చేతులు కడుక్కొచ్చింది. "అమ్మాయ్, వేడినీళ్లు పెట్టవే!"

"దేనికమ్మా?"

"ఏమో, అలవాటు. పెట్టు, టీ అన్నా తాగుదాం."

లిఫ్టర్ చుట్టూ నూనె పోయించి, టీ అయ్యేదాకా దాన్ని ముట్టుకోనివ్వలేదు. "ఇప్పుడు పట్టుకో. లాగకు! తిప్పు. అటు కాస్త, ఇటు కాస్త. అదీ... వస్తోంది... తల కనిపిస్తోంది! ఇంకొక్కసారి!"

లిఫ్టర్ బుడుక్కున ఊడొచ్చింది. సరిగ్గా అప్పుడే పక్కింటి పోస్ట్‌మాన్ ఉతికిన తువ్వాళ్లతో గోడ మీదుగా తొంగిచూశాడు.

"అబ్బాయా, అమ్మాయా?"

దర్జీ గుడ్డలో చుట్టినదాన్ని ఎత్తి చూపించాడు. "లిఫ్టరండీ."

"హమ్మయ్య! మీ ఆవిడకి ఈ వయసులో ఇదేంటా అని హడలిపోయాను."

"ఈ వయసంటే ఏ వయసండీ?" అంది దర్జీ భార్య వంటింట్లోంచి. పోస్ట్‌మాన్ తల మాయమైంది. తువ్వాళ్లు మాత్రం ఇటు పడ్డాయి.

కొత్త లిఫ్టర్లు గూళ్లలో దించి, గాస్కెట్ పరిచి, పైభాగం బోల్టులు బిగించేసరికి సాయంత్రమైంది. దర్జీ బండి తాళం అందుకున్నాడు.

"దుమ్ము పడకుండా లోపల గుడ్డపీలికలు కుక్కావుగా, అన్నీ తీశావా?" అంది అత్తగారు.

"తీసేశానండీ."

"లెక్కపెట్టావా? కుట్లు వేసేముందు మేం లెక్కపెట్టేవాళ్లం."

దర్జీ నవ్వుతూ పీలికలు నేలమీద పరిచాడు. ఏది ఎవరి బట్టదో అతనికి కంఠతా. తెల్లది డాక్టరు చొక్కాది. గీతలది బ్యాంకు మేనేజరు పైజామాది. ఆకుపచ్చది... నవ్వు ఆగిపోయింది.

"ఊదారంగుది లేదు," అన్నాడు నీరసంగా.

అంతా మళ్లీ విప్పాల్సి వచ్చింది. ఊదారంగు పీలిక ఓ కన్నంలో హాయిగా ముడుచుకొని పడుకుంది. దాని పుణ్యమా అని కొత్త గాస్కెట్ నలిగిపోయింది. ఇంకొకటి తెప్పించేదాకా ప్రయాణం లేదు. అత్తగారు సంచిలోంచి దువ్వెన, కళ్లజోడు మళ్లీ బయటికి తీసింది. దానికి బాధపడినట్టు ఎవరికీ కనిపించలేదు.

ఇంకో గాస్కెట్ వచ్చాక, బిగించేముందు ఈసారి పీలికలు ఆవిడే లెక్కపెట్టింది. కొత్త ఆయిల్ పోసి తాళం తిప్పగానే మళ్లీ టకటకలు! దర్జీ మొహం పాలిపోయింది.

"ఏడవనీ కాసేపు. ఏడిస్తేనే మంచిది," అంది అత్తగారు.

నూనె లోపలిదాకా అందేకొద్దీ చప్పుడు సన్నగిల్లి, పూర్తిగా ఆగింది. కింద ఒక్క నీటిచుక్క లేదు. దర్జీ ఆనందం పట్టలేక అత్తగారి కాళ్లకు దండం పెట్టబోయి, చేతులకున్న జిడ్డు చూసుకొని ఆగిపోయాడు.

ఆవిడను దింపడానికి బయల్దేరారు. "గుంతల్లో కుదిపెయ్యకు, ఇంకా పచ్చి బాలింత," అని దారంతా హెచ్చరిస్తూనే ఉంది. సైకిళ్లు కూడా వాళ్లను దాటిపోయాయి. ఆవిడ వీధి మలుపు తిరగ్గానే ఓ ఇంటి ముందు బానెట్ ఎత్తిపెట్టిన కారు కనిపించింది.

"ఇక్కడ ఆపు. దీన్లోనూ అదే చప్పుడట. మనం చూస్తామని మొన్న ఫోన్లో చెప్పాను."

"మనమా?" అన్నాడు దర్జీ.

ఆవిడ అప్పటికే దిగి, చేతులు కడుక్కోవడానికి కొళాయి ఎక్కడని ఆ ఇంటివాళ్లను అడుగుతోంది.