మా అత్త పెట్టిన ఆదివారాలు

మా అత్త పోయింది. పొద్దున టిఫిన్ బాక్సు కట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కిన మనిషి, బడిలో కూలబడిందని ఫోన్ వచ్చింది. ప్రొద్దుటూరు ఆసుపత్రికి తెచ్చేసరికే అంతా అయిపోయింది. సంతాప సభలో అందరూ ఆమెను శాంతమూర్తి అన్నారు. నేను ఒప్పుకోను. మా అత్త మొండిది. ఆ మొండితనం గురించే ఈ నాలుగు మాటలు.

ఆమె ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు. బడికి కంప్యూటర్లు వచ్చినప్పుడు పైనుంచి ఎవరో వచ్చి, గబగబా శిక్షణ ఇచ్చి వెళ్లిపోయారు. ఆ తర్వాత గదికి తాళం పడింది. పాడైతే ఎవరు జవాబు చెప్పాలని అందరికీ భయం. మా అత్త పోట్లాడి తాళం తీయించింది. తను నేర్చుకుంది, జీతం డబ్బుతో ఇంట్లోకీ ఒక కంప్యూటర్ కొంది. ఆపైన చుట్టుపక్కల బడుల లెక్కల టీచర్లను ఆదివారాలు మా ఇంటికి రమ్మంది. టీచరుకు టీచరే నేర్పాలి, కొత్తగా నేర్చుకున్నవాళ్ల తరగతిలో వెనక బెంచీలో కూర్చుని తోడుండాలి అనేది.

ఆమెకొక నియమం ఉండేది. తెలిసినవాళ్లు మౌస్ ముట్టకూడదు. పిల్లల చేతిలో సుద్దముక్క లాక్కోవడం అలవాటైన టీచర్లకు అది మహా కష్టం. ఎవరైనా ఆత్రంగా చేయి చాపితే, "చేతులు ఎనక్కి సార్. నువ్వు చేసి చూపిస్తే ఆయప్పకు ఏమొస్తాది? వచ్చిన నీకే ఇంగోసారి వస్తాది" అనేది. అందరూ నవ్వేవాళ్లు. టీ ఇవ్వడానికి వెళ్లిన నాకు, అంత చదువుకున్నవాళ్లు చేతులు కట్టుకుని నిలబడడం వింతగా ఉండేది. నేను ఐదో తరగతితో బడి మానేసి, ఆ ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని.

పులివెందుల నుంచి వచ్చే సారు ఒకసారి మొహం మాడ్చుకుని వచ్చాడు. తరగతిలో తెర మీద త్రిభుజం గీసి కోణాలు చూపించాడట. అరవై, అరవై ఒకటి, అరవై. కూడితే నూట ఎనభై ఒకటి. పిల్లలు గొల్లున నవ్వారు. ఆయన స్విచ్ ఆపేశాడు.

"ఇంగ నాకొద్దు మేడమ్. నల్లబల్ల మీద నా త్రిభుజం ఎప్పుడూ తప్పలే."

"నల్లబల్ల మీద నువ్వు యాడ కొలిచినావప్పా? నూట ఎనభై అని నువ్వు రాసినావు, వాళ్లు రాసుకున్నారు."

"మరి ఈ ఒక డిగ్రీ యాడిది?"

"అది పాయింటు తర్వాతి చిల్లర సర్ది, దగ్గరి పూర్తి అంకె చూపిస్తాంది. ఆ మాట నువ్వు చెప్పొద్దు. అదే త్రిభుజం మళ్లీ పెట్టి, యాడ నుంచి వచ్చిందో పిల్లోళ్లనే అడుగు. నేనొచ్చి ఎనక కూచుంటా. నోరు మాత్రం తెరవను."

సెలవు పెట్టి మరీ వెళ్లింది. సాయంత్రం చెప్పులు విడుస్తూనే, "గంట కొట్టినా పిల్లోళ్లు లెయ్యలే మేయ్" అంది నాతో.

దినాలు ముగిశాయి. నా భర్త కువైట్‌కు తిరిగి వెళ్లాడు. మా మామ ఏనాడో పోయాడు కాబట్టి ఇంటి పెద్దరికం ఆయన తమ్ముడిది. ఆ చిన్నమామ, కంప్యూటర్ తీసుకుపోతానని ఆటో వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఆమే పోయినాక ఇంకేంది ఈ ఆదివారాలు? మగదిక్కు లేని ఇంట్లోకి సార్లంతా వస్తాంటే ఈదిలో ఏమనుకుంటారు? టీలు మోసేదానివి, నీకు దీంతో ఏం పని?"

ఆయన ఎదుట నేను ఎన్నడూ నోరు విప్పలేదు. తలుపు చాటునే నిలబడ్డాను. అక్కడి నుంచే జవాబు చెప్పాను.

"ఆదివారం వాళ్లు వస్తారు మామా. నేనే ఫోన్ చేసి రమ్మన్నా."

"చెప్పేటోళ్లు ఎవరు?"

"వాళ్లకు వాళ్లే చెప్పుకుంటారు. అత్త నేర్పిందే అది. కంప్యూటర్ ఈడ్నే ఉంటాది."

"దీనికి నీ మొగుడు ఒప్పుకున్నాడా?"

"నేను ఒప్పుకున్నా మామా."

ఆటో ఖాళీగా తిరిగి వెళ్లింది.

ఆ ఆదివారం వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి పెట్టాను. ఏమనుకునేవాళ్లయినా లోపల జరిగేది చూసే అనుకోవాలి. వేంపల్లె నుంచి కొత్తగా ఇద్దరు వచ్చారు. పులివెందుల సారు వాళ్లను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. ఎండెక్కాక చిన్నమామ కూడా వచ్చాడు. అరుగు మీద, మెట్ల మీద, కాలువ అంచు దాకా చెప్పులే. తనవి విడిచేందుకు చోటు వెతుక్కుంటూ ఆయన వీధిలోనే నిలబడిపోయాడు.