బాట గురించి తెలుగులో రాసిన తీర్పు

మా బాపు కోస్గి పక్క ఊళ్లో గొర్రెలు కాసేవాడు. మా ఇంటిపేరుతో కోర్టు మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. అదీ ఫిర్యాదుతో కాదు. తెలంగాణ వచ్చాక పరీక్ష రాసి, జూనియర్ సివిల్ జడ్జిగా దేవరకొండ వైపు ఒక చిన్న కోర్టులో చేరాను.

అక్కడ ఒక బాట కేసు వచ్చింది. భర్త పోయిన ఒకామె చేనుకు వెళ్లాలంటే బావ, అంటే భర్త అన్న, చేను దాటాలి. తమ్ముడు చనిపోయాక ఆయన ఆ బాటకు ముళ్లకంప అడ్డం వేశాడు. అక్కడ బాటే లేదన్నాడు.

ఆమె బోనెక్కి చెప్పడం మొదలుపెట్టగానే అవతలి వకీలు, కాస్త సరైన తెలుగులో చెప్పమన్నాడు. ఆమె ఠక్కున ఆగిపోయింది. ఆమె మాట నాకు అర్థమవుతోందని, మా ఇంట్లో మాట్లాడేది అదేనని వకీలుతో అన్నాను. ఆమె వైపు తిరిగి, "నువ్వు జెప్పమ్మా. ఇంట్ల ఎట్ల మాట్లాడ్తవో గట్లనే చెప్పు" అన్నాను.

"కాపురానికొచ్చిన కాన్నుంచి గీ బాటెంటనే పోయిన. ఇప్పుడు బండి పోతలేదు. పంటంతా నెత్తిమీదనే మోస్తున్న" అంది.

తర్వాత బావ వంతు. తమ్ముడు బతికుండగా పంట ఎటునుంచి తెచ్చేవాడని ఆమె వకీలు అడిగాడు. ఆయన తల వంచుకొని, ఆ బాట వెంటే తెచ్చేవాడని ఒప్పుకున్నాడు.

తీర్పు ఇంగ్లిష్‌లో రాస్తే ఆ ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాదు. తెలుగులో రాస్తానంటే, పై కోర్టుకు పోతే ఎలా మేడం అని స్టెనో జంకింది. పోతే పోనీ అన్నాను. ఈజ్‌మెంట్ అనే చట్టం మాటకు నిఘంటువు ఇచ్చిన తెలుగు నాకే కొరుకుడుపడలేదు. కొట్టేసి, 'పక్కవాళ్ల చేనులోంచి పోయే హక్కు' అని రాశాను.

తీర్పు రోజు హాల్లోకి వచ్చి అందరికీ చేతులు జోడించాను. వెనక వరుసలో, గొంగడి భుజాన వేసుకొని, అందరితోపాటు బాపూ లేచి నిలబడి ఉన్నాడు. వస్తున్నట్టు నాకు చెప్పలేదు. కూర్చొని, తీర్పు చదివాను. కంప తీసేయాలని, ఆమె బండిని ఆపకూడదని.

అప్పీలు చేద్దామని వకీలు అంటుంటే బావ అడ్డంగా తలూపాడు. "వద్దు సార్. నేనన్న మాటనే రాసిండ్రు. ఓడిపోయిన గని, ఎందుకోడిపోయిన్నో సమజైంది."

మధ్యాహ్నం క్వార్టర్‌లో బాపు అన్నం తిన్నాడు. చేయి కడుక్కున్నాక అన్నాడు: "కోర్టంటే మనకు తెల్వని భాష అనుకుంటుంటి. ఇయ్యాల నువ్వు చదివిందంతా తెలిసింది బిడ్డా."

ఇప్పుడు నేను సీనియర్ సివిల్ జడ్జిని. నా తీర్పులు కొన్ని పై కోర్టులో నిలిచాయి, కొన్ని నిలవలేదు. ఆ బాట తీర్పు మాత్రం పైకి పోలేదు. వానలు పడగానే ఆమె బండి కట్టుకొని ఆ బాటనే చేనుకు పోయిందని ఆమె వకీలు చెప్పినప్పుడు, ఉద్యోగం వచ్చిన రోజుకన్నా ఎక్కువ గర్వపడ్డాను.