జీడిపప్పు పళ్లెం ముందు చేసిన ప్రార్థన

సంఘానికి నా వందనాలు. నా పేరు సత్యవతి, మాది పూండి దగ్గర ఊరు, కాశీబుగ్గలో జీడిపప్పుకు పొట్టు తీసే పని. చదువు లేనిదాన్ని, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా ఆయనకు కిడ్నీలు పాడైన తరువాత నా చేతులు కూడా నా మాట వినడం మానేశాయి సహోదరులారా. మాకు కూలి కిలో లెక్కన, నిండు పప్పుకు ఒక రేటు, ముక్కకు అందులో సగం కూడా రాదు, ఆయన్ని డయాలసిస్‌కు తీసుకెళ్లిన రోజు కూలే ఉండదు, ఆ లోటు పూడ్చాలని ఆదివారం ఆరాధన మాని పనికి వెళ్లేదాన్ని, చీకటి పడ్డా లేచేదాన్ని కాదు, కళ్లు మూతలు పడి చాకు జారేది, పప్పు విరిగేది, విరిగినకొద్దీ కూలి తగ్గేది, తగ్గినకొద్దీ ఇంకాసేపు కూర్చునేదాన్ని.

పక్కన కూర్చునే అప్పలమ్మ వదిన, "ఏటే సత్తీ, పొట్టు తీత్తన్నావా, పచ్చడికి నూరతన్నావా" అని నవ్వేది. ఒకరోజు యజమాని నా పళ్లెం చూసి, "నెలాకరుదాకా సూత్తానమ్మా, ముక్కలు తగ్గకపోతే ఇంకొకర్ని ఎట్టుకుంటాను" అన్నారు. ఆ పని పోతే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లే దారే మాకు లేదు.

"తండ్రీ, నా సేతులకి బలమియ్యి" అని రోజూ అడిగేదాన్ని. ఒక రాత్రి ఇంట్లో ఆ మాట అంటూనే మోకాళ్ల మీద నిద్రపోయాను. మా ఆయన లేపి, "నువ్వు బలం అడగతన్నావు, దేవుడు నిద్ర ఇత్తన్నాడు కదే" అన్నారు. ఏడో దినాన విశ్రమించమన్న దేవుణ్ణి నేను ఏడో దినం కూడా పని చేసే బలం అడుగుతున్నానని అప్పుడు తెలిసింది. మర్నాడు పళ్లెం ముందు కూర్చుని, "ప్రభువా, అడగడానికి నోరియ్యి" అని ప్రార్థించి లేచి యజమాని దగ్గరకు వెళ్లాను.

"బాబూ, ఆదివారం నన్నొగ్గీండి. సీకటడ్డాక కూకోను. డయాలసిస్ రోజున సగం కూలిప్పించండి" అన్నాను.

"పని సెయ్యకుండా కూలేటమ్మా?"

"నా ముక్కల వల్ల మీకు పోతన్నదాని కన్నా తక్కువే బాబూ."

"సరే, సూద్దాం" అన్నారు ఆయన.

ఆదివారం పని మాని, రోజూ చీకటి పడగానే లేచేసరికి, నెలాఖరుకు నా పళ్లెంలో ముక్కలు వెతుక్కోవలసి వచ్చింది. యజమాని మా వరుస మొత్తానికి ఆదివారం సెలవని మేస్త్రితో చెప్పించారు. దేవునికే మహిమ. మా ఆయన జబ్బు పోలేదు, రేపు కూడా ఆసుపత్రికి వెళ్లాలి, కానీ ఇప్పుడు ఆయన పక్కన మెలకువగా కూర్చుంటున్నాను.

ప్రియులారా, మోయలేని బరువుకు బలమే అడగనక్కరలేదు, దించమని కూడా దేవుణ్ణి అడగవచ్చు, నమ్మి అడగండి. మీలో పనివాళ్లను పెట్టుకున్నవారుంటే వాళ్ల చేతుల వైపు ఒకసారి చూడండి.

ఈ రోజు అప్పలమ్మ వదిన మొదటిసారి మందిరానికి వచ్చి వెనక కూర్చుంది. కొత్తవాళ్లను లేచి నిలబడమని అడుగుతారు కదా పాస్టరయ్యగారూ, ఆమెను అడగకండి. వారమంతా పని చేసి వచ్చింది, కూర్చోనివ్వండి.