వంతెన దాటాక వినిపించే చప్పుడు

2022లో, వానలు మొదలైన రోజుల్లో, ఆ ఎర్ర కారు సంగతి నాకు మొదట చెప్పింది హుస్సేన్ భాయి. హైవే మీద ఆగిపోయిన బండ్లను క్రేన్‌తో లాక్కొచ్చే మనిషి ఆయన. కొత్తకోటలో మా షెడ్డు ముందు చాయ్ తాగుతూ, బీచుపల్లి వంతెన దాటాక ఎత్తు ఎక్కే చోట గద్వాల శేఖర్ కారు మళ్లీ ఆగిందన్నాడు. శేఖర్ పోయింది అక్కడే. ఈసారి కారులో ఉన్నది ఆయన తమ్ముడు నరేశ్. ఆ మాట చెప్పి, హుస్సేన్ భాయి సగం చాయ్ వదిలేసి లేచాడు.

నేను బడికి పోలేదు. అక్షరాలు అమ్మ దగ్గర, కార్ల కరెంటు పని అబ్బా దగ్గర, రెండూ ఇంట్లోనే నేర్చుకున్నాను. ఆ పనే ఇవాళ మా ఇల్లు నడుపుతున్నది. అల్లాకు శుక్రియా చెప్పుకోకుండా నేను ఏ బానెట్టూ ఎత్తను.

శేఖర్‌ది పత్తి విత్తనాల వ్యాపారం. కార్లంటే ప్రాణం. అది టర్బో కారు. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నింపేది. ఆ ఒత్తిడినే బూస్ట్ అంటాం. శేఖర్ పట్నంలో బూస్ట్ పెంచించుకున్నాడు గానీ, పాత ఇగ్నిషన్ కాయిల్స్‌నే ఉంచేశాడు. బ్యాటరీ కరెంటు బలాన్ని ఎన్నో రెట్లు పెంచి స్పార్క్ ప్లగ్‌కు పంపేది కాయిల్. ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్ కొసన రవ్వ దూకడం కష్టం. చదును రోడ్డు మీద ఏమీ తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడు రవ్వ తప్పిపోయి ఇంజిన్ కొట్టుకుంటుంది. దాన్ని మిస్‌ఫైర్ అంటారు. ఆ రోజు చప్పుడు విని శేఖర్ దిగి చూడబోయాడు. వెనక లారీ వస్తున్నది. కారుకు గీత కూడా పడలేదు.

హుస్సేన్ భాయి చెప్పిన మరునాడే నరేశ్ ఆ కారును నా దగ్గరికి తెచ్చాడు. బలమైన కాయిల్స్ వేసి, వేడి తట్టుకునే ప్లగ్స్ బిగించి, వాటి కొసల మధ్య సందు తగ్గించాను. బండి నీళ్లు తాగినట్టు ఎత్తు ఎక్కింది. అతన్ని పంపేసి, ఒక ఇంటి భయం తీరిందనుకున్నాను.

కొన్నాళ్లకే మళ్లీ వచ్చాడు. కారు అక్కడే కొట్టుకుంటున్నదట. అక్కడికి రాగానే తానే అద్దం దించి, రోడ్డు మీదే ఆపుతున్నాడట. ఒక లారీ వెంట్రుకవాసిలో తప్పించుకుపోయింది. ఎందుకు ఆపుతున్నావని అడిగాను.

"అన్న పిలుస్తుండు అక్కా," అన్నాడు.

శేఖర్ తమ్ముడిని పేరుతో పిలిచేవాడు కాదట. వీధిలోంచే నాలుకతో టక్ టక్‌మని చప్పుడు చేసేవాడట. ఇంజిన్‌లోంచి అదే వస్తున్నదన్నాడు.

బయటికి కారిపోయే కరెంటును పట్టుకోవాలంటే చీకటి కావాలి. మధ్యాహ్నమే అయినా వెనక కిటికీకి గోనెపట్టా కట్టి, గాలికి కింద కాస్త సందు వదిలి, షట్టర్ దించాను. కాయిల్స్ చుట్టూ సన్నగా నీళ్లు చిలకరించి, ఇంజిన్‌ను కొంచెం రేస్ చేయమన్నాను.

చీకట్లో ఒక కాయిల్ మొదట్లోంచి నీలం వెలుగు తొంగిచూసింది. ఆరింది. మళ్లీ వచ్చింది. దానితోపాటు చప్పుడు. టక్ టక్.

"ఆఁ, వస్తున్న అన్నా," అన్నాడు నరేశ్, చాలా మామూలుగా, పక్కగదిలోంచి పిలిస్తే పలికినట్టు.

తడుముకుంటూ పోయి ఇంజిన్ ఆపేశాను.

షట్టర్ ఎత్తి, కాయిల్ పీకి చూస్తే, ప్లగ్‌ను కప్పే రబ్బరు తొడుగు పక్కన ఒక రాగి తాయెత్తు ఇరుక్కుని ఉంది, నల్లగా మాడి. నలిగిన తొడుగు చిట్లింది. రవ్వ ప్లగ్ దాకా పోలేక, దగ్గర్లో ఉన్న ఆ రాగి మీదికి దూకుతున్నది. దాన్ని తీసి, తొడుగు మారుస్తానన్నాను.

"మార్చకు అక్కా. గా సప్పుడు ఉండనియ్యి. ఇంకేమి అడుగ."

"మీ అన్న గూడ గా సప్పుడు ఇనే దిగిండు తమ్మీ," అన్నాను.

అతను బెంచీ మీద కూర్చుండిపోయాడు. నేను తొడుగు మార్చేటప్పుడు అడ్డం రాలేదు.

ఫోన్ చేస్తే వాళ్ల అమ్మ అనంతమ్మ గద్వాల నుంచి బస్సులో వచ్చింది. దర్గాలో మొక్కుకుని తాయెత్తు తెచ్చింది ఆమేనట. నేను కొత్త సామాను వేసిన తావునే ఉంటే బిడ్డను కాపాడుతుందని, తెలిసిన డ్రైవర్‌తో కాయిల్ విప్పించి లోపల పెట్టించింది. మాడిన తాయెత్తును చూసి, "నా చేతులతోని నేనే నా బిడ్డను రోడ్డు మీద నిలవెట్టిన్నా?" అంది.

"మొక్కు మంచిదే అమ్మా. పెట్టిన తావే మంచిది కాదు."

ఆమె దాన్ని కొంగుతో తుడిచి నరేశ్ చేతి దండకు కట్టింది.

ముగ్గురం కారెక్కి వంతెన దాకా పోయాం. వంతెన దాటి వెనక్కి తిరిగి, మళ్లీ వంతెన దాటి అదే ఎత్తు ఎక్కాం. నా చేతిలో స్కానర్ ఉంది. రవ్వ ఒక్కసారి తప్పినా చూపిస్తుంది. బూస్ట్ నిండింది. స్కానర్ ఏమీ చూపించలేదు. అయినా నా చెవిన పడింది. టక్ టక్.

నరేశ్ పెదవులు బిగించి రోడ్డునే చూస్తున్నాడు. నేను మెల్లగా వెనక్కి తిరిగాను. అనంతమ్మ అద్దం దించి, బయటికి చూస్తూ నాలుకతో పిలుస్తున్నది. ఆ పిలుపు కొడుక్కి నేర్పింది ఆమేనని అప్పుడు తెలిసింది.

"ఇంటికి పోదాం రా, శేఖరా," అంది.

నరేశ్ కాలు బ్రేకు మీదికి పోలేదు. ఏడుస్తూనే ఎత్తు ఎక్కించాడు.

సామాను బిగిస్తే పని అయిపోయిందని అంతకుముందు అనుకునేదాన్ని. ఇంటి వాళ్ల భయం కూడా బానెట్టు కింద చెయ్యి పెడుతుందని ఆ కారు నేర్పింది. ఇప్పుడు ఏ బండి అప్పజెప్పినా, ఆ ఇంటి ఆడవాళ్లను పిలిచి, తాయెత్తు ఎక్కడ కట్టుకోవచ్చో, ఎక్కడ కూడదో చూపించి పంపుతాను. ఆ ఎత్తు మీద ఆ తల్లికి మిగిలిన కొడుకును కాపాడినందుకు అల్లాకు రోజూ శుక్రియా చెప్పుకుంటాను.

మీరెప్పుడైనా ఆ వంతెన దాటి ఎత్తు ఎక్కితే, మీరు నమ్మే దేవుడి దగ్గర శేఖర్‌ను ఒకసారి తలుచుకోండి. బండి మాత్రం ఆపకండి.