ఏడవని మేనకోడలు

మద్యం నిషేధమున్న సూరత్‌లో, అదీ లాక్‌డౌన్‌లో, కల్లు తెచ్చిన మొనగాణ్ణి నేను. సీసా చూసి పోలీసే సెల్యూట్ కొట్టాడని మా బస్తీ నవాగామ్ అంతా చెప్పుకున్నాను.

ఆ కల్లు మా అక్క భూదేవికి. మగ్గాల కార్ఖానాలో దారం కండెలు చుట్టే మనిషి. తొలి కాన్పయ్యాక పాలు చాలడం లేదని దిగులుపడితే, సిరిసిల్ల నుంచి అమ్మ ఫోన్లో చెప్పింది: "కల్లు సారా గాదు బిడ్డా, సలువ. బాలింత తాగితే పాలు పడతయ్."

నేను తెచ్చిపెడుతుంటే అక్క రోజూ రెండు గ్లాసులు తాగి పాలిచ్చింది. పిల్ల ఏడ్చేది కాదు, ఎప్పుడూ నిద్రే. "మా కోడలు మహారాణి, ఏడుపంటే నామోషీ" అని నేను కోతలు కోశాను.

రెండో నెలలో టీకాకు వెళ్తే నర్సు పిల్లను తూచి, అక్కను ఏం తాగుతున్నావని అడిగింది. కల్లు కూడా మద్యమేననీ, పాలల్లో పిల్లకు చేరుతుందనీ, ఆ మత్తులో పిల్ల సరిగా తాగక బరువు పెరగలేదనీ చెప్పింది.

అక్క ఆ రోజే మానేసింది. నాలుగో రోజు పిల్ల ఆకలికి గట్టిగా ఏడ్చింది. రొమ్ముకు అందిస్తూ అక్క, "ఇన్నొద్దులు దీన్ని గిట్ల అడగనియ్యకపోతిని గదరా తమ్మీ" అంది.

ఆ సాయంత్రం నవాగామ్ అంతా చెప్పుకున్నాను, మా కోడలు ఏడ్చిందని.